పిల్లలకు వెతకడం నేర్పేదెలా: గోదావరి డెల్టా బళ్ల కోసం ఒక పద్ధతి

టీచర్లు, తల్లిదండ్రులు పదేపదే అడిగేది ఒకటే. ‘‘ప్రాజెక్టు ఇస్తే నెట్ సెంటర్‌కి వెళ్లి ప్రింటు తీయించి, చార్టు మీద అంటించి తెస్తున్నారండీ. కొందరైతే ఏఐని అడిగి చూసి రాసేస్తున్నారు. పిల్లలు సొంతంగా వెతికేలా చేయడం ఎలా?’’

ముందు ప్రశ్న మార్చండి, తర్వాత మార్కులు వేసే తీరు మార్చండి. ‘‘గోదావరి నది గురించి రాయుము’’ అని అడిగితే ప్రింటే వస్తుంది, ఆ ప్రశ్నకి సమాధానం ఆ ప్రింటులో నిజంగానే ఉంది గనక. అదే ప్రశ్నని మీ ఊరికి దించి, దొరికిన జవాబు కంటే అది దొరికిన దారికి ఎక్కువ మార్కులు వేయండి. ప్రింటు తెచ్చినా పని జరగదని పిల్లలకే అర్థమవుతుంది. మిగతాదంతా దీని చుట్టూ కట్టుకున్నదే.

ఇది 8, 9, 10 తరగతులను దృష్టిలో పెట్టుకుని రాసింది. 6, 7 తరగతుల వాళ్లకి 1, 2, 6 అంకెల కింద ఉన్నవి చాలు. ఇంటర్, డిగ్రీ పిల్లలకి అన్నీ పనికొస్తాయి.

కావలసినవి

వారానికి ఒక పీరియడ్ చొప్పున నాలుగు వారాలు. నలుగురైదుగురు పిల్లల జట్టుకి ఒక గీతల నోటుబుక్కు. జట్టుకి కాకపోయినా క్లాసుకి ఒకటైనా నెట్ ఉన్న ఫోను, లేదా బళ్లో ఉన్న ట్యాబ్. నెట్ అసలు లేకపోతే పని ఆపకండి, మీరు ఇంటి దగ్గర రెండు మూడు పేజీలు ప్రింటు తీసి తెస్తే 5వ దశ అంతా వాటితోనే చేయించవచ్చు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న శాఖా గ్రంథాలయం తెరిచే వేళలు కనుక్కోండి. పాత పేపర్లు ఎంతకాలానివి దాచి ఉంచారో గ్రంథాలయాధికారిని ముందే అడగండి. రాజమహేంద్రవరం దగ్గరివాళ్లయితే వందేళ్లు దాటిన గౌతమీ గ్రంథాలయం ఉంది, ఒక్కరోజు తీసుకెళ్లినా పిల్లలకి మనసులో నిలిచిపోతుంది. గ్రంథాలయ ఉద్యమానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య ఇక్కడి కొంకుదురులోనే పుట్టారు. ఆ మాట పిల్లలకి చెప్పి మరీ తీసుకెళ్లండి.

1. ప్రశ్నని ఊరికి దించండి

మొదటి పీరియడ్ మొత్తం దీనికే వాడండి. తొందరపడితే మిగతా మూడు వారాలూ వృథా.

పెద్ద విషయం ఒకటి బోర్డు మీద రాయండి. ఉదాహరణకి ‘‘డెల్టా కాలువలు’’. దాన్ని మూడు మాటలతో చిన్నది చేయించండి: ఎక్కడ, ఎప్పుడు, దేన్ని చూస్తే తేలుతుంది. మూడోది చాలామంది వదిలేస్తారు. ప్రశ్న పక్కనే ‘‘ఇది తేలాలంటే ఏ కాగితం చూడాలి, ఎవరిని అడగాలి’’ అని రాయలేకపోతే ఆ ప్రశ్న ఇంకా తయారు కానట్టే.

ఇలా మారాలి:

‘‘డెల్టా కాలువలు’’ అన్నది ‘‘మా చేలకి నీళ్లు ఏ కాలువ నుంచి వస్తాయి, ఆ కాలువ తల ఎక్కడుంది, ఈ ఏడాది ఖరీఫ్‌కి నీళ్లు ఏ తేదీన వదిలారు’’ అవుతుంది. తూర్పు డెల్టాకి నీళ్లు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకి బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర తీసుకుంటారు. కాబట్టి అమలాపురం పిల్లలకీ భీమవరం పిల్లలకీ జవాబు ఒకటి కాదు. ఒకరి దాన్ని ఒకరు చూసి రాసే వీలే ఉండదు.

‘‘తుపానులు’’ అన్నది ‘‘1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా వీధిలో ఏం జరిగింది, ఎవరు చూశారు’’ అవుతుంది.

‘‘ఆక్వా సాగు’’ అన్నది ‘‘మా ఊళ్లో వరి చేను మొదటిసారి చెరువుగా మారింది ఎప్పుడు, ఎందుకు’’ అవుతుంది.

‘‘రైతుల సమస్యలు’’ అన్నది ‘‘2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మా ఊళ్లో ఎవరు వేశారు, ఎవరు మానేశారు’’ అవుతుంది.

జాగ్రత్త: కులం, భూమి తగాదా, ఎన్నికలు ఉన్న ప్రశ్నల్ని పిల్లల చేతికి ఇచ్చి వీధుల్లోకి పంపకండి. ప్రశ్న మంచిదే అయినా దెబ్బ పిల్లలకి తగులుతుంది.

2. వెతుకులాట పుస్తకం మొదలుపెట్టించండి

నోటుబుక్కులో ఎదురెదురు పేజీల మీద ఆరు నిలువు గడులు గీయించండి: తేదీ, ఎక్కడ వెతికాం, ఏ మాటలతో వెతికాం లేదా ఏమని అడిగాం, ఏం దొరికింది, చెప్పినవాళ్లకి ఎలా తెలుసు, తర్వాత ఏం చేయాలి. దొరకనివి కూడా రాయాలి. ‘‘శాఖా గ్రంథాలయంలో అడిగాం, 1996 పేపర్లు లేవు’’ అన్న వరసకి కూడా మార్కు ఉందని మొదటిరోజే చెప్పండి. లేకపోతే పిల్లలు దొరికినట్టు కల్పిస్తారు.

ఐదో గడి, ‘‘వాళ్లకి ఎలా తెలుసు’’ అన్నది, ఖాళీగా వదలనివ్వకండి. మొదటి వారం అంతా ‘‘గూగుల్’’ అని రాస్తారు. గూగుల్ వెతికిపెడుతుంది గానీ చెప్పదు, చెప్పింది ఆ పేజీ రాసిన మనిషి. ఆ మనిషి ఎవరో రాయమనండి.

3. టైపు చేసే ముందు మాటల జాబితా

దీని మీద చెప్పేవాళ్లు తక్కువ. మన భాషలో వెతికేటప్పుడు సగం ఇబ్బంది ఇక్కడే వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒకే ఊరు పది రకాలుగా రాసి ఉంటుంది. రాజమండ్రి, రాజమహేంద్రవరం, రాజమహేంద్రి. ధవళేశ్వరం, దవళేశ్వరం, ధవళేశ్వరము. తుపాను, తుఫాను, తుఫాన్. ఇంగ్లిష్‌లో అయితే ధవళేశ్వరానికే మూడు నాలుగు స్పెల్లింగులున్నాయి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో కాకినాడ ‘కొకనాడ’గా, ఏలూరు ‘ఎల్లోర్’గా కనిపిస్తాయి. ఎల్లోర్ చూసి ఎల్లోరా గుహలనుకుని వదిలేసే పిల్లలుంటారు, ముందే చెప్పండి. జట్టులో ఒకరికి ఈ పనే అప్పగించండి: మన ప్రశ్నలోని ప్రతి పేరూ ఎన్ని రకాలుగా రాస్తారో ఒక పేజీ తయారుచేయడం.

రెండో చిక్కు జిల్లాలది. 2011 జనాభా లెక్కల్లో ‘‘తూర్పు గోదావరి జిల్లా’’ జనాభా దాదాపు 51.5 లక్షలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అదే పేరుతో మిగిలింది చాలా చిన్న జిల్లా. కాకినాడ, అమలాపురం అందులో లేవు. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం అప్పుడు ఏలూరు, ఇప్పుడు భీమవరం. పేరు అదే, నేల వేరు. పాత లెక్కని కొత్త జిల్లాకి అంటించడం ప్రాజెక్టుల్లోనే కాదు, పేపర్లలో కూడా కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే మరీ తికమక. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. 1904 నుంచి 1925 దాకా భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. అందుకే 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్‌లో (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకంలో) భీమవరం కోసం వెతికి ‘‘మా ఊరి గురించి ఏమీ లేదు’’ అని రాస్తే అది తప్పు ముగింపు. ఆ ఏళ్లకి కృష్ణా జిల్లా కాగితాలు చూడాలి. పిల్లల చేత ఒక చిన్న పట్టిక రాయించి గోడకి అంటించండి: మన ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ మండలం.

4. వెతకడం

మూడు కిటుకులు చాలు.

మొదటిది కొటేషన్ గుర్తులు. కాటన్ బ్యారేజీ అని ఉత్తినే కొడితే ఆ మాటలు విడివిడిగా ఉన్న పేజీలు కూడా వస్తాయి. గుర్తుల మధ్య పెడితే రెండూ పక్కపక్కన ఉన్నవే వస్తాయి. రెండోది మైనస్. గోదావరి అని కొడితే సినిమా, రైలు, హోటలు అన్నీ వస్తాయి. ఒక ఖాళీ వదిలి, మైనస్ పెట్టి, దానికి ఆనించి సినిమా అని రాస్తే ఆ పేజీలు తగ్గుతాయి. మూడోది ప్రభుత్వ పేజీలు మాత్రమే తెప్పించుకోవడం. ఇంగ్లిష్ అక్షరాల్లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా జీఓవీ డాట్ ఇన్ అని రాసి, తర్వాత మీకు కావలసిన మాటలు రాయాలి.

పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేసి పెట్టినవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో చాలా ఉన్నాయి. అవి పేజీల బొమ్మలు కాబట్టి లోపలి తెలుగు మాటలు చాలాసార్లు సెర్చ్‌కి సరిగా అందవు. పుస్తకం తెరిచి విషయసూచిక చూసి పేజీలు తిప్పాల్సిందే. ‘‘సెర్చ్‌లో రాలేదు కాబట్టి లేదు’’ అనుకోకూడదని ఇక్కడ నేర్పండి.

వికీపీడియా వద్దనకండి. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల పేజీలు బోలెడు. అది వెతుకులాట మొదలుపెట్టే చోటు. పేజీ అడుగున ‘మూలాలు’ చూడమనండి, పైన ‘చరిత్ర’ నొక్కి ఎప్పుడు ఎవరు మార్చారో చూడమనండి. మూలం లేని వాక్యాన్ని వెతుకులాట పుస్తకంలో ‘ఆధారం లేదు’ అని రాసుకోవాలి.

5. ఆధారం దాకా వెనక్కి నడిపించండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. రెండు పీరియడ్లు పట్టినా ఫర్వాలేదు.

కోరంగి తుపానుతో మొదలుపెట్టండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవుని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి పెద్ద తుపానులు ముంచాయి. ప్రపంచంలోని ఘోర తుపానుల జాబితాలు నెట్‌లో తెరిస్తే 1839 కోరంగి తుపానుకి 3 లక్షల మంది చనిపోయారనీ 20 వేల పడవలు పోయాయనీ ఉంటుంది. పిల్లలకి అలాంటి పేజీలు నాలుగు ఇచ్చి, ప్రతి పేజీలో ఈ సంఖ్య పక్కన ఏ ఆధారం చూపించారో రాయమనండి. కొన్నిట్లో ఏమీ ఉండదు. కొన్ని ఇంకో జాబితాని చూపిస్తాయి. ఆ జాబితా తెరిస్తే అది మరో జాబితాని చూపిస్తుంది. కొన్ని పేజీలు రెండు తుపానుల వివరాల్నీ కలిపేస్తాయి. నాలుగు పేజీలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటే అవి నాలుగు సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. ఈ సంగతి ఒక్కసారి కళ్లతో చూసిన పిల్లలు తర్వాత ‘‘అన్ని సైట్లలోనూ అలాగే ఉంది సార్’’ అనరు.

తర్వాత పిల్లల్ని ఇలా అడిగించండి: ఆ సంఖ్య లెక్కపెట్టింది ఎవరు? అప్పటి కోరంగిలో అంతమంది జనం ఉన్నారా? ఆ రేవులో అన్ని పడవలు పట్టేవా? జవాబు దొరక్కపోవచ్చు. ‘‘ఈ సంఖ్య చాలాచోట్ల ఉంది, మొదట ఎవరు లెక్కపెట్టారో మాకు కనిపించలేదు’’ అని రాస్తే అది పూర్తి మార్కులకి తగిన ముగింపు.

రెండో అభ్యాసం ధవళేశ్వరం ఆనకట్ట. ఒక పేజీలో 1847 అని, ఇంకోదాంట్లో 1852 అని, మరోదాంట్లో 1982 అని ఉంటుంది. ఏది తప్పు అని అడగండి. ఏదీ తప్పు కాదు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. 1982 నాటిది పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీ. కాబట్టి గేట్లతో కనిపించే ఇప్పటి బ్యారేజీ ఫోటో కింద ‘‘1852లో కాటన్ దొర కట్టిన ఆనకట్ట’’ అని రాసి ఉంటే ఫోటో నిజం, తేదీ నిజం, రెండూ కలిపి అబద్ధం. రాజమండ్రి పాత హేవలాక్ వంతెనకి కూడా 1897 అనీ 1900 అనీ రెండు తేదీలు కనిపిస్తాయి. దాన్ని ఇంటిపనిగా ఇవ్వండి. తేదీలు తేడాగా ఉన్నప్పుడు ఒకటి కొట్టేసే ముందు ‘‘ఇది దేని తేదీ?’’ అని అడగడం పిల్లలకి అలవాటవుతుంది.

6. మనుషుల్ని అడగడం

డెల్టా పల్లెల్లో పుస్తకాల్లో లేనిది మనుషుల దగ్గర ఉంటుంది. అడగడానికి ఒక పద్ధతి కావాలి, అంతే.

వెళ్లేముందు ప్రశ్నలు ఐదు రాసుకోవాలి. ఇంటికి వెళ్లి ముందు తామెవరి పిల్లలో, ఎందుకు వచ్చారో చెప్పాలి. రికార్డు చేసుకోవచ్చా అని అడగాలి. వద్దంటే ఫోను జేబులో పెట్టేసి కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరు వెళ్లాలి, ఒకరు అడుగుతుంటే ఒకరు రాయాలి.

‘‘మామ్మగారూ, తుపాను ఎలా వచ్చిందండి?’’ అని అడిగితే టీవీలో చూసినవీ పక్కింటివాళ్లు చెప్పినవీ కలిపి చెప్తారు. ‘‘ఆ రాత్రి మీరెక్కడున్నారండి? ముందు ఏ శబ్దం విన్నారు? తెల్లారి తలుపు తీస్తే ఏం కనపడింది?’’ అని అడిగితే తాము చూసింది చెప్తారు. రాసుకునేటప్పుడు ప్రతి వాక్యం పక్కన ‘చూ’ లేదా ‘వి’ అని పెట్టించండి. చూసినది ‘చూ’, విన్నది ‘వి’. తేలని చోట ‘‘అది మీరు చూశారాండి, ఎవరైనా చెప్పారా?’’ అని మర్యాదగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

పెద్దవాళ్లు సంవత్సరాలు తేదీలతో చెప్పరు. ‘‘మా పెద్దాడి పెళ్లైన ఏడు’’ అంటారు. దాన్ని తేదీగా మార్చడానికి అందరికీ గుర్తుండే సంగతుల జాబితా చేతిలో ఉండాలి. మన దగ్గర పుష్కరాలు ఉన్నాయి: 1991, 2003, 2015. పెద్ద వరద 1986 ఆగస్టు. పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు 1995 జనవరి 8న మొదలై 65 రోజులు మండాయి. తుపాను 1996 నవంబరు, దీపావళికి కొద్దిరోజుల ముందు. ‘‘ఊళ్లో మొదటి చెరువు తవ్వింది పుష్కరాలకి ముందా, తర్వాతా? పాశర్లపూడి మంటలప్పటికి ఉందా?’’ అని అడుగుతూ పోతే రెండు మూడేళ్ల తేడాలోకి తేలుతుంది. కచ్చితమైన సంవత్సరం కోసం పట్టుబట్టొద్దు. ‘‘1991కి తర్వాత, 1995కి ముందు’’ అని రాయడమే సరైన రాత.

కాలువల ప్రశ్న తీసుకున్న జట్టుని లస్కరు దగ్గరికి పంపండి. షట్టర్లు ఎత్తేదీ దించేదీ ఆయనే, నీళ్లెప్పుడు వచ్చాయో ఆయనకి తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఆ తేదీని ఇరిగేషన్ ఆఫీసులోనో పేపర్లోనో సరిచూడాలి.

రెండు హెచ్చరికలు. వరద రోజుల్లో పిల్లల్ని ఏటిగట్టు మీదికి, లాకుల దగ్గరికి పంపవద్దు. ఏ ప్రాజెక్టూ అంత విలువైంది కాదు. ఇక 1996 తుపానులో ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. ఆ ఇళ్లేవో మీరు ముందే కనుక్కోండి. పిల్లలు తెలియక అడిగితే క్షమించమని చెప్పి ఆపేయడం నేర్పండి. పేర్లు, ఫోను నంబర్లు చార్టు మీద వేయనివ్వకండి. ‘‘ఒక లంక గ్రామంలోని 70 దాటిన మామ్మగారు’’ అంటే చాలు.

7. అంకెల తనిఖీ

ప్రతి అంకె పక్కన కొలత ఉండాలి. కొలత పక్కన ‘ఎక్కడ’ ఉండాలి.

గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక ఎంత అంటే సగం మంది 53 అడుగులంటారు. అది భద్రాచలం దగ్గర. ధవళేశ్వరం దగ్గర మొదటిది 11.75, రెండోది 13.75, మూడోది 17.75 అడుగులు. భద్రాచలంలో 43, 48, 53. పైగా కేంద్ర జల సంఘం వాళ్లు సముద్రమట్టం నుంచి మీటర్లలో చెప్తారు. మన ఇరిగేషన్ వాళ్లు స్థానిక కొలబద్ద మీద అడుగుల్లో చెప్తారు. రెండిటి సున్నా ఒకచోట లేదు, అందుకే అడుగుల్ని మీటర్లలోకి మార్చినా లెక్క కలవదు. పెద్ద తరగతుల పిల్లలకి ఇది మంచి గణితం.

క్యూసెక్కు, టీఎంసీ కలిపేయడం ఇంకో అలవాటు. క్యూసెక్కు అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు పారుతోందో. టీఎంసీ అంటే మొత్తం ఎన్ని వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎవరైనా ‘‘35 లక్షల టీఎంసీలు’’ అని రాస్తే అది సముద్రం లెక్క, నది లెక్క కాదు.

ఇంగ్లిష్ పేజీ చూసి రాసేటప్పుడు మిలియన్‌ని లక్ష అనేస్తారు. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. బోర్డు మూల రాసి ఉంచండి.

8. ఫార్వర్డులు, ఫోటోలు

జులై, ఆగస్టుల్లో ఇంటి వాట్సాప్ గ్రూపులే మీ పాఠ్యపుస్తకం. వచ్చిన ఫార్వర్డుని ఎవరికీ పంపకుండా క్లాసుకి తెమ్మనండి. మూడు అడగాలి: తేదీ ఉందా, ఊరు ఉందా, ఎవరు ప్రకటించారు? ‘‘గోదావరి రికార్డు బద్దలు’’ అని వస్తే భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు అన్న రెండు అంకెలు దగ్గరుంటే చాలు, అక్కడికక్కడే తేలిపోతుంది.

ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో (ఫోటోతో వెతికే యాప్‌లో) పెట్టి అదే ఫోటో ముందెప్పుడైనా వచ్చిందేమో చూడాలి. తర్వాత ఫోటో లోపల చదవాలి: షాపు బోర్డు ఏ భాష, బండి నంబరు ఏది. ఏపీ 05 అంటే పాత తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పాత పశ్చిమ గోదావరి. ఇవి సూచనలే, రుజువులు కావు. అమలాపురంలో ‘తూ.గో. జిల్లా’ అని ఉన్న బోర్డు కనిపిస్తే ఆ బోర్డు 2022కి ముందు రాయించిందని తెలుస్తుంది గానీ, ఫోటో ఎప్పటిదో తెలియదు. బోర్డులు ఎవరు మారుస్తారు వెంటనే? ఈ తేడా పిల్లల చేతే చెప్పించండి.

9. ఏఐ

నిషేధిస్తే దొంగచాటుగా వాడతారు. క్లాసులోనే తెరవండి. మీ ఊరి చరిత్ర చెప్పమని అడిగి, వచ్చిన జవాబుని బోర్డు మీద వాక్యం వాక్యంగా రాయండి. ప్రతి వాక్యానికీ ఒక జట్టు. ఆధారం దొరికితే పచ్చ గీత, తప్పని తేలితే ఎర్ర గీత, ఏమీ తేలకపోతే నీలం గీత. చిన్న ఊరైతే నీలం, ఎరుపు ఎక్కువ ఉంటాయి. వాక్యాలు మాత్రం అన్నీ ఒకే ధీమాతో ఉంటాయి. పుస్తకాల పేర్లు చెప్పిందంటే ఆ పుస్తకం నిజంగా ఉందో లేదో గ్రంథాలయంలో చూడాలి, లేని పుస్తకాలు కూడా చెప్తుంది. వెతకాల్సిన మాటలు సూచించమనడానికి, కష్టమైన ఇంగ్లిష్ పేరా అర్థం చెప్పమనడానికి వాడుకోవచ్చు. వాడినప్పుడు వెతుకులాట పుస్తకంలో ఏమని అడిగారో రాయాలి.

10. రాయడం

చదివి, పుస్తకం మూసి, పక్కనున్న పిల్లకి నోటితో చెప్పి, ఆ చెప్పినది రాయాలి. ఈ వరస తప్పకుండా ఉంటే చూసి రాయడం దానంతటదే తగ్గుతుంది. ఎవరి మాటైనా యథాతథంగా కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి పక్కన పేరు రాయాలి. రెండు పేజీలు దాటనివ్వకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

టీచరు జవాబు ముందే చెప్పేయడం. ఇది అన్నిటికంటే ఎక్కువ జరుగుతుంది, ప్రేమతోనే జరుగుతుంది. పిల్లలు తప్పుదారిలో వెళ్తుంటే ‘‘తర్వాత ఎక్కడ చూస్తారు?’’ అని అడిగి ఊరుకోండి.

జట్టులో చదువుకునే ఒక్క పిల్లే అంతా రాయడం. పుస్తకంలో ప్రతి వరస చివర రాసినవాళ్ల పొడి అక్షరాలు పెట్టించండి. ఫోను ఉన్న పిల్లాడే నాయకుడైపోతాడు కూడా, అందుకే మనుషుల్ని అడిగే పనికీ గ్రంథాలయం పనికీ సమానంగా మార్కులుండాలి.

‘‘ప్రభుత్వ సైట్ కాబట్టి నిజం’’ అనుకోవడం. ప్రభుత్వ పేజీలు కూడా పాతబడతాయి. అడుగున చివరిగా మార్చిన తేదీ చూడమనండి.

చార్టు అందానికి మార్కులు వేయడం. రంగుల చార్టుకి మార్కులు పడినంతకాలం పిల్లల టైం, తల్లిదండ్రుల డబ్బు ఫ్యాన్సీ షాపుకే వెళ్తాయి.

మార్కులు, ఫలితం చూడటం

20 మార్కులైతే ఇలా వేయవచ్చు: ప్రశ్నకి 3, వెతుకులాట పుస్తకానికి 8, సాక్ష్యాల్ని పోల్చినందుకు 5, రాతకి 4. ఈ విభజన పనికి ముందే గోడమీద ఉండాలి.

పని నిజంగా జరిగిందా అని తెలుసుకోవడానికి మూడు పరీక్షలు. రాతలోంచి ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి ‘‘ఇది ఎక్కడిది?’’ అని అడగండి. పుస్తకం తిప్పి నిమిషంలో వరస చూపించాలి. రెండోది, జట్టులో తక్కువ మాట్లాడే పిల్లని అడగండి, చురుకైన పిల్లాణ్ని కాదు. మూడోది నెల తర్వాత. ఇంతకుముందు చూడని ఒక ఫార్వర్డు ఇచ్చి పది నిమిషాలు వదిలేయండి. నిజమా అబద్ధమా అని తేల్చకపోయినా ఫర్వాలేదు. ‘‘ఇది ఏ ఊరి కొలత? ఎవరు చెప్పారు?’’ అని వాళ్లే అడిగితే పద్ధతి ఒంటబట్టినట్టు. ‘‘నిజమే సార్, మా బాబాయ్ పంపాడు’’ అన్నవాళ్లతో 5, 8 దశలు మళ్లీ చేయించండి.

వెతుకులాట పుస్తకాలు పారేయకండి. పెద్దవాళ్లు ఒప్పుకున్న మాటల నకలు ఒకటి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. అసలు పుస్తకాలు బళ్లోనే ఉంచి, వచ్చే ఏడాది కొత్త జట్లకి మొదటి పీరియడ్‌లోనే ఇవ్వండి. ‘‘దొరకలేదు’’ అని రాసి ఉన్న వరసలన్నీ గుర్తుపెట్టమనండి. వాళ్ల ప్రశ్నలు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.